గడ్డ పోయింది, లెక్క తప్పుతోంది

"గడ్డ తీసేశారు. కరెంటు పెట్టారు. స్కానింగ్ బాగుందన్నారు. మరి మనిషి మునుపట్లా ఎందుకు లేడండీ?"

మెదడులో గడ్డకు వైద్యం చేయించుకుని వచ్చినవాళ్ల ఇళ్లలో ఈ ప్రశ్న పుడుతుంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ పుట్టదు, అక్కడ అందరి ధ్యాసా ప్రాణం మీదే ఉంటుంది. కుట్లు మాని, ఊడిన జుట్టు మళ్లీ మొలిచి, చూడవచ్చే చుట్టాలు తగ్గాక మెల్లగా బయటికొస్తుంది.

చర్ల, దుమ్ముగూడెం వైపు గోదావరి ఒడ్డున ఒక ఊరిని, అందులో ఒక మిర్చి రైతును ఊహించుకుందాం. నలభై అయిదేళ్ల మనిషి. రెండెకరాల్లో తేజ మిర్చి వేస్తాడు. కాయ కోతకు ఎంతమంది కూలీలొచ్చినా ఎవరు ఎన్ని రోజులు వచ్చారో, ఎవరికెంత బాకీయో కాగితం ముట్టకుండా చెప్పేవాడు. ఇప్పుడు ఒకరికి రెండుసార్లు డబ్బిచ్చి, ఇంకొకరిని ఇంటి చుట్టూ తిప్పుతున్నాడు. ఖమ్మం మార్కెట్లో ఇచ్చిన తక్‌పట్టీని, అంటే అమ్మకం చీటీని, చొక్కా జేబులో పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నాడు. నలుగురు ఒకేసారి మాట్లాడితే లేచి బయటికి పోతాడు. ఒకరోజు పురుగుమందు ట్యాంకులో కలిపి, కలిపిన సంగతి మరిచి మళ్లీ కలపబోతుంటే భార్య చూసి చేయి పట్టుకుంది. ఊళ్లోవాళ్లు బద్ధకం అన్నారు. తల్లి గాలి సోకిందేమోనంది.

ఇది బద్ధకం కాదు, పిచ్చి కాదు, గాలి అంతకన్నా కాదు. మెదడు గడ్డకూ దాని వైద్యానికీ ఉన్న బాగా తెలిసిన పర్యవసానం ఇది. ఇందులో కొంత సరిచేయవచ్చు. సరికానిదాన్ని కాచుకోవచ్చు. ఆ రెంటినీ విడదీసి చూడటమే ఈ అధ్యాయం పని.

వాగు పొంగిన దారి

మనం అన్నింటినీ కలిపి మతిమరుపు అనేస్తాం గానీ, మన రైతుకు తప్పుతున్నవి ఒకటి కాదు, నాలుగైదు. చేస్తున్న పని మీద మనసు నిలపడం ధ్యాస. విన్నదాన్ని అందుకుని జవాబు చెప్పడానికి పట్టే సమయం ఆలోచన వేగం. ఏది ముందు, ఏది వెనుక అని పనులను వరసలో పెట్టుకోవడాన్ని పనుల పొందిక అందాం. కొత్త సంగతిని దాచుకోవడం జ్ఞాపకం. నాలుక చివర ఉన్న మాటను బయటికి తేవడం మాట ఊట. మెదడు గడ్డల వైద్యం తరువాత పెద్దవాళ్లలో తరచుగా దెబ్బతినేవి ధ్యాస, వేగం, పొందిక. అవి దెబ్బతింటే సంగతి తలలోకి సరిగా చేరనే చేరదు. చేరనిదాన్ని మరిచిపోవడం కూడా ఉండదు. చూసేవాళ్లకు మాత్రం అది మతిమరుపులాగే కనిపిస్తుంది.

ఎందుకిలా జరుగుతుందో ఏజెన్సీ దారుల్లో తిరిగినవాళ్లకు చెప్పడం తేలిక. మెదడులో ఆలోచించే కణాలు ఊళ్లలాంటివి. వాటిని కలుపుతూ సన్నటి తీగలుంటాయి, వాటి చుట్టూ తెల్లటి కొవ్వు తొడుగు ఉంటుంది. దాన్ని మైలిన్ అంటారు. తొడుగు బాగున్న తీగ తారురోడ్డు. చర్ల దగ్గర తాలిపేరు పొంగినప్పుడు ఊళ్లన్నీ ఉన్నచోటే ఉంటాయి, దారి మాత్రం తెగుతుంది. చుట్టు తిరిగి, బురదలో పడి, రెండింతల సమయం తీసుకుని చేరతాం. చేరాక మాట్లాడే ఓపిక ఉండదు. మన రైతుకు రోజూ జరుగుతున్నది అదే. అడిగిన వెంటనే జవాబు చెప్పడు. ఓపిక పట్టి ఆగితే సరైన జవాబే చెబుతాడు. ఒక లెక్క చేశాక గంటసేపు పడుకుంటాడు. ఆ పడకను సోమరితనం అన్నవాళ్లు ఆయన ఎంత దూరం నడిచొచ్చాడో చూడలేదు.

దెబ్బలు ఎన్ని వైపుల నుంచి

అందరూ మొదట తప్పుపట్టేది కరెంటునే. మన జనం కరెంటు పెట్టడం అనే రేడియేషన్ వైద్యంలో నిజానికి కరెంటు తగలదు, కంటికి కనపడని కిరణాలు పడతాయి. కానీ దెబ్బ అంతకుముందే మొదలై ఉంటుంది. గడ్డ పెరుగుతూ చుట్టుపక్కల తీగలను నొక్కుతుంది, వాపు తెస్తుంది, మూర్ఛలు తెస్తుంది. నెదర్లాండ్స్‌లో నెమ్మదిగా పెరిగే గడ్డలున్న రోగులను పరీక్షించి 2002లో ప్రచురించిన అధ్యయనం ఆలోచనా శక్తిని ఎక్కువగా తినేది గడ్డేనని చెప్పింది. మూర్ఛ మందుల పాత్ర, ఒక్కో విడతలో రెండు గ్రేల కంటే ఎక్కువగా ఇచ్చిన కిరణాల పాత్ర ఆ తరువాతివి. గ్రే అనేది కిరణాల మోతాదును కొలిచే ప్రమాణం.

ఉద్ధృతంగా పెరిగే గడ్డలకు సాధారణంగా 60 గ్రేల మోతాదును 30 విడతలుగా, ఆరు వారాలపాటు ఇస్తారు. విడతలుగా ఇవ్వడంలోనే దయ ఉంది. ఒక విడతకూ మరో విడతకూ మధ్య మంచి కణాలు తేరుకుంటాయి, గడ్డ కణాలు అంతగా తేరుకోలేవు. వైద్యం నడిచేటప్పుడు కలిగే నీరసం, ముగిశాక మొదటి కొన్ని నెలల్లో వచ్చే నిద్రమత్తు చాలామందిలో తగ్గిపోతాయి. ఆరు నెలలు దాటాక, కొందరిలో ఏళ్లు గడిచాక మెల్లగా వచ్చే మార్పే మొండిది. సన్నటి రక్తనాళాలు బిరుసెక్కుతాయి, తీగల తొడుగు పలచబడుతుంది. నెమ్మది గడ్డలకు కిరణాలు తీసుకున్నవారిని సగటున పన్నెండేళ్ల తరువాత మళ్లీ పరీక్షిస్తే ధ్యాస తగ్గిందని 2009లో తేలింది. స్కానింగ్ శుభ్రంగా ఉన్నా మనిషి మారడానికి కారణం ఇదే. గడ్డ ఉందా లేదా అన్న ప్రశ్నకు స్కానింగ్ జవాబు చెబుతుంది. దారులు ఎలా పనిచేస్తున్నాయన్నది దానికి అంతగా తెలియదు.

జ్ఞాపకం సంగతి వేరుగా చెప్పాలి. రెండు కణతల లోపల, చిటికెన వేలంత పొడవున, సముద్రగుర్రం ఆకారంలో ఒక్కో భాగం ఉంటుంది. దాన్ని హిప్పోకాంపస్ అంటారు. మిర్చి యార్డులో గుమస్తా ఏ రైతు ఎన్ని బస్తాలు తెచ్చాడో పుస్తకంలోకి ఎక్కించినట్టు, ఈ భాగం రోజువారీ సంగతులను జ్ఞాపకంలోకి ఎక్కిస్తుంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛ తగ్గించడానికి రెండువైపులా ఈ భాగాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛ తగ్గింది. కానీ 2008లో చనిపోయేదాకా ఆయన తలలో కొత్త సంగతి ఏదీ నిలవలేదు. గుమస్తా లేని యార్డు అయిపోయింది. అయితే బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు ఆయనతో అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ మీద గీత గీయించారు. రోజురోజుకూ చేయి మెరుగుపడింది. నిన్న గీసిన సంగతి మాత్రం ఆయనకు గుర్తులేదు. చేతి నేర్పు వేరే గదిలో దాక్కుంటుందన్నమాట. ఈ సంగతిని గుర్తుంచుకోండి, మన రైతుకు ఇదే ఆధారం కాబోతోంది.

కిరణాలకు ఈ గుమస్తా చాలా సున్నితం. అందుకే వైద్యులు అతన్ని తప్పించే ప్రయత్నం చేశారు. ఊపిరితిత్తి, రొమ్ము వంటి చోట్ల పుట్టిన క్యాన్సర్ తలకు పాకినవారికి మెదడంతటికీ కిరణాలివ్వాల్సి వస్తుంది. అలాంటి 518 మందితో అమెరికా, కెనడాల్లో జరిపిన ప్రయోగం ఫలితం 2020లో వచ్చింది. హిప్పోకాంపస్‌ను తప్పించి కిరణాలిచ్చినవారిలో బుద్ధి మందగించే ముప్పు సుమారు నాలుగోవంతు తగ్గింది, ఆయుష్షు తగ్గలేదు. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 3 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న 200 మంది మీద జరిపిన ప్రయోగం 2017లో వెలువడింది. గడ్డ ఆకారానికి తగ్గట్టు, కొత్త పద్ధతిలో కచ్చితంగా కిరణాలిస్తే అయిదేళ్ల తరువాత తెలివితేటల పరీక్షల్లో మెరుగ్గా నిలిచారు. మన దేశపు ఆసుపత్రిలో, మన రోగులతో తేలిన మాట ఇది. కాబట్టి కిరణాలు మొదలుకాకముందే "జ్ఞాపకం ఉండే చోటును తప్పించడం మా వాళ్ల విషయంలో కుదురుతుందా?" అని అడగాలి. గడ్డ అక్కడే ఉంటే కుదరదు. కుదిరే చోట అడిగినవాళ్లకు మేలు.

కత్తి విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే ఉంది, అది తెలుగునాట సినిమాలతో ముడిపడి పేపర్లకెక్కింది. మెదడుకు నొప్పి తెలియదు. నెత్తి చర్మానికి మత్తిచ్చి, రోగిని మెలకువగానే ఉంచి గడ్డ తీయవచ్చు. రోగి మాట్లాడుతూ, చేతులు కదుపుతూ ఉంటే వైద్యుడికి ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. 2017లో గుంటూరులో 'బాహుబలి 2' చూపిస్తూ, 2022లో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 'అడవి దొంగ' చూపిస్తూ, 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో 'అదుర్స్' చూపిస్తూ ఇలా చేశారు. వింతగా చదివి వదిలేసిన ఆ వార్తల వెనుక, ఆ మనిషి మాట, చేయి పోకూడదన్న పట్టుదల ఉంది. గాంధీ, కాకినాడ రెండూ ప్రభుత్వాసుపత్రులే కావడం నాకు ప్రత్యేకంగా ఊరటనిస్తుంది.

ముందు సరిచేయగలిగినవి వెతకాలి

మనిషి మందగించాడు అనగానే "గడ్డ వల్లే, ఇంతే" అని వదిలేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. గడ్డ పక్కన దాక్కుని, వైద్యానికి లొంగే కారణాలు చాలా ఉంటాయి.

మొదట మందుల సంచి విప్పాలి. మూర్ఛలకిచ్చే పాత మందుల్లో ఫినోబార్బిటాల్ లాంటివి మనిషిని మబ్బుగా ఉంచుతాయి. కొత్తవాటిలో లెవెటిరాసెటం కొందరిలో విపరీతమైన చిరాకు తెస్తుంది. వాపు తగ్గించే డెక్సామెథసోన్ నిద్ర చెడగొడుతుంది, షుగర్ పెంచుతుంది, మనసును అటూ ఇటూ ఊపుతుంది. దేన్నీ ఇంట్లో సొంతంగా ఆపకూడదు. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు వరసగా వస్తాయి, డెక్సామెథసోన్ ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. సంచిని ఉన్నదున్నట్టు వైద్యుడి ముందు పెట్టి, మారిన నడతను చెబితే చాలు.

తరువాత రక్తపరీక్ష. మెదడు అడుగున పీయూష గ్రంథి ఉంటుంది. కిరణాలు తగిలితే అది ఏళ్ల తరువాత కూడా మందగించవచ్చు, దాంతో థైరాయిడ్ పడిపోతుంది. థైరాయిడ్ తగ్గిన మనిషి మాట నెమ్మదిస్తుంది, చలికి ముడుచుకుంటాడు, ఎప్పుడూ నిద్రే. చవకైన మాత్రతో కుదుటపడేదాన్ని గడ్డ ఖాతాలో రాయడం అన్యాయం. రక్తహీనత, బి12 లోపం, సోడియం తగ్గడం కూడా చూడాలి.

నిద్రలో వచ్చే మూర్ఛలు, పైకి కనిపించకుండా కాసేపు శూన్యంలోకి చూసే మూర్ఛలు ఉంటాయి. అవి ఉంటే పగలంతా మబ్బే. నడక తడబడి, మూత్రం ఆపుకోలేక, ఆలోచన మందగిస్తే తలలో నీరు చేరిందేమో చూడాలి. సన్నటి గొట్టం వేసి ఆ నీటిని దించవచ్చు. దిగులు సంగతి అసలు మరవకూడదు. చావు దగ్గరిదాకా వెళ్లొచ్చి, అప్పు చేసి, పొలం పని ఇతరుల మీద వదిలి కూర్చున్న మనిషికి దిగులు రాకపోతేనే ఆశ్చర్యం. దిగులు కూడా ధ్యాసను తినేస్తుంది, దానికీ వైద్యం ఉంది. భద్రాచలం దాకా రాలేనివారు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది.

ఈ ప్రాంతానికి ఒక హెచ్చరిక ప్రత్యేకంగా చెప్పాలి. ఇది మలేరియా నేల. మందగింపు నెలల తరబడి మెల్లగా వస్తుంది. రెండు రోజుల్లో మనిషి గందరగోళపడి, జ్వరంతో పొంతనలేని మాటలంటే పాత జబ్బేలే అని ఊరుకోకూడదు. ఆ రోజే రక్తం తీయించాలి.

పలక తెలియనివారికి పలక పరీక్ష

మందగింపును కొలవాలి. కొలవకపోతే పెరిగిందో తగ్గిందో తెలియదు. కానీ ఎలా కొలవాలి? వాడుకలో ఉన్న చాలా పరీక్షల్లో గడియారం బొమ్మ గీయాలి, వాక్యం రాయాలి, వందలోంచి ఏడు తీసేస్తూ పోవాలి. బడి ముఖం చూడని కోయ రైతు ఇందులో తప్పితే తప్పింది బుద్ధా, చదువా? భారత వైద్య పరిశోధనా మండలి తెలుగుతో కలిపి అయిదు భారతీయ భాషల్లో బుద్ధి పరీక్షల సంచిని తయారు చేయించిందంటే ఆ ఇబ్బందిని గుర్తించే.

ఆ అవసరాన్ని ఎత్తి చూపినవారిలో నాడీ వైద్యురాలు సువర్ణ అల్లాడి ఒకరు. ఆమె హైదరాబాద్ నిమ్స్‌లో ఉండగా 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి వెల్లడించారు. రెండు భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. అది వయసుతో వచ్చే జబ్బు గురించిన మాట, గడ్డల గురించి కాదు. కానీ ఇంట్లో కోయ, సంతలో తెలుగు మాట్లాడే మనుషుల తలలో బడి ఇవ్వని సాధన ఒకటుందని అది చెబుతుంది. అందుకే ఈ అడవి అంచున మనిషిని పరీక్షించేటప్పుడు ఇంటి భాషలో కూడా పరీక్షించాలి. కోయలో గలగలా మాట్లాడేవాడు తెలుగులో తడుముకుంటే, తెలుగు ఒక్కటే తెలిసిన వైద్యుడు అతన్ని జబ్బుమనిషిగా రాసుకుంటాడు.

ఇంటివాళ్ల చేతిలో ఇంకా మంచి కొలబద్ద ఉంది. అది ఆ మనిషి నిత్యం చేసే పని. భద్రాచలంలో గోదావరిని కొలిచే పద్ధతి ఇక్కడివాళ్లందరికీ తెలుసు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటింది, ముందే హెచ్చరికలు ఉండబట్టి జనాన్ని ఒడ్డుకు చేర్చగలిగారు. ఇంట్లోనూ అలాగే మూడు గీతలు గీసుకోవచ్చు. డబ్బు లెక్క, కొత్త పని తప్పుతుంటే మొదటి గీత. రోజూ చేసే వంట, పశువుల పని, మందుల వేళ తప్పుతుంటే రెండో గీత. స్నానం, తిండి, ఇంటి దారి తప్పుతుంటే మూడోది. ఒక గీత దాటిందని తోచగానే తరువాతి చెకప్‌దాకా ఆగకుండా చూపించాలి. ఇది వైద్యపు కొలత కాదు, నా సలహా. కానీ భద్రాచలం నుంచి హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్ల పైమాటే. అంత దూరం వెళ్లి వైద్యుడి ముందు పది నిమిషాలు కూర్చునేటప్పుడు "ఏదోలా ఉంటున్నాడండీ" అనే మాటకన్నా "సంక్రాంతి నుంచి కూలి లెక్క తప్పుతున్నాడు, శివరాత్రి నుంచి గేదెకు నీళ్లు పెట్టడం మరుస్తున్నాడు" అనే మాట వంద రెట్లు పనికొస్తుంది.

జ్ఞాపకాన్ని గోడకెక్కించడం

మందు ఉందా అని అందరూ అడుగుతారు. నిజాయితీగా చెప్పాలంటే, ఉన్నవి చిన్న మందులు. మెదడంతటికీ కిరణాలిచ్చేటప్పుడు మెమాంటిన్ మాత్ర ఇస్తే మందగింపు కొంత ఆలస్యమవుతుంది. కిరణాలు ముగిసిన 198 మందికి డోనెపెజిల్ ఇచ్చి చూసిన ప్రయోగంలో మొత్తం మార్కులు మారలేదు, కొన్ని అంశాల్లో స్వల్పంగా మెరుగుపడ్డారు. బజారులో దొరికే జ్ఞాపకశక్తి టానిక్కులకు అప్పు చేయొద్దు.

సాధనకు మాత్రం బలమైన ఆధారముంది. నెదర్లాండ్స్‌లో గ్లయోమా అనే రకం మెదడు గడ్డలున్న 140 మందిలో కొందరికి ధ్యాస కసరత్తులు చేయించి, మరుపును దాటే ఉపాయాలు నేర్పారు. ఆరు నెలల తరువాత వారి ధ్యాస, మాటల జ్ఞాపకం మెరుగ్గా ఉన్నాయి, తల అలసట తగ్గింది. అక్కడ కంప్యూటర్ వాడారు. ఉపాయాల భాగానికి మాత్రం కంప్యూటర్ అక్కర్లేదు, గోడ చాలు.

మన రైతు ఇంటికి మళ్లీ వెళ్దాం. తలుపు పక్కన తెలుగు క్యాలెండరు వేలాడుతుంటుంది. దానికి దారంతో పెన్సిలు కట్టాలి. పొద్దుటి మాత్ర వేసుకోగానే ఆ తేదీ గడిలో ఒక గీత, రాత్రి మాత్రకు రెండో గీత. వేసుకున్నాక గీయాలి, ముందు కాదు. ఈ ఒక్క నియమం తప్పితే మొత్తం పనికిరాదు. తాళంచెవి, ఫోను, తక్‌పట్టీలు మూడింటికీ ఒకటే మేకు, ఒకటే సంచి. ఆ చోటు ఎప్పటికీ మారకూడదు. ఇల్లు సర్దినప్పుడు కూడా మారకూడదు. కూలి డబ్బు ఇచ్చేటప్పుడు పక్కన కూతురు నోటుపుస్తకంతో కూర్చుంటుంది. ఆమె రాస్తుంది, ఆయన ఇస్తాడు. ఇచ్చే చేయి ఆయనదే అయి ఉండాలి. ఆ పని ఆయన చేతుల్లోంచి లాక్కుంటే మిగిలిన ధైర్యమూ పోతుంది.

మాట్లాడేటప్పుడు ఒక్కసారికి ఒక్క మాట, అదీ టీవీ ఆపి. చెప్పాక ఆగాలి. మీకు చాలాసేపు అనిపించినా ఆగాలి, ఆయన చుట్టుదారిలో వస్తున్నాడు. కష్టమైన పని పొద్దున, మధ్యాహ్నం గంట పడక, సాయంత్రం నడక. కొన్ని పనులు పూర్తిగా మానాల్సిందే. పురుగుమందు కలపడం, బండి నడపడం, చెట్టెక్కడం, ఒంటరిగా బావిలోకో గోదావరిలోకో దిగడం. మూర్ఛ వచ్చే ముప్పున్న మనిషికి ఇవి ప్రాణాంతకం. తల్లి పూజారి దగ్గరికి తీసుకెళ్తానంటే తీసుకెళ్లనివ్వండి, పొద్దుటి మాత్ర వేశాక. ఆమెతో వాదించి గెలిచే గెలుపు ఆ ఇంటికి పనికిరాదు.

భార్య గురించి ఒక్క మాట. రాత్రి మూర్ఛ వస్తుందేమోనని చెవి రిక్కించి పడుకునేది, పగలు రెండు ఎకరాలు చూసేది, భర్త చిరాకు పడేది ఆమె మీదే. వారంలో ఒక రోజైనా ఆ కాపలాను ఆడపడుచో మరిదో తీసుకోవాలి. ఆమె నిద్ర కూడా ఆయన వైద్యంలో భాగమే.

ఇక కళ్లంలో. ఎండిన మిర్చి కుప్ప ముందు ఆయన గోనె మీద కూర్చున్నాడు. ఎర్రటి కాయ ఒకవైపు, తెల్లబారిన తాలు కాయ ఒకవైపు. వేళ్లు ఆగకుండా కదులుతున్నాయి. ఎవరైనా ఎన్ని బస్తాలయ్యాయని అడిగితే కూతురి వైపు చూస్తాడు, ఆమె పుస్తకం వైపు చూస్తుంది. కుప్పలో ఆయన వదిలేసిన తాలు కాయ కోసం వెతికారు. ఒక్కటీ దొరకలేదు.